దొర కారుకు పట్టిన బాణామతి

1948, వానాకాలం. ఇబ్రహీంపట్నంలో బస్సులు ఆగే చోటికి కొంచెం ఎడంగా నాకొక మోటారు షెడ్డు ఉండేది. నాలుగు కర్రలు పాతి పైన రేకులు కప్పుకున్న పాక అది. మా చుట్టుపక్కల ఊళ్లలో కార్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉండేవి, అన్నీ దొరలవే. బాగుచేసే మెకానిక్‌ను నేనొక్కణ్ణే కాబట్టి నాకు పనికి కొదవ లేదు. ఆ ఏడు భయానికీ కొదవ లేదు.

మోటారు పని నేను పట్నంలో నేర్చుకున్నాను. పగలంతా వర్క్‌షాపులో ఉండి, సాయంత్రం చర్చాసభలకు పోయేవాణ్ణి. కులం, మూఢనమ్మకం, వితంతు వివాహం, దేవుడు, అన్నింటి మీదా గంటల తరబడి వాదించుకునేవాళ్లం. ఏ మాటకైనా నిదర్శనం అడగాలన్నది అక్కడ నాకు అబ్బిన గుణం. ఊళ్లో ఆ గుణానికి విలువ లేకపోగా ప్రమాదం ఉండేది. దొర బండి బాగుచేస్తే దొర మనిషంటారు. చెయ్యనంటే దొరల మీద తిరగబడ్డ సంఘం మనిషంటారు. రజాకార్ల లారీ రోడ్డు మీద కనిపిస్తే షెడ్డులో ఉన్నవాళ్లందరం మాట ఆపేసి బోల్టుల మీద కళ్లు పెట్టుకునేవాళ్లం. తుపాకులున్న దొర సంఘం సాయుధ దళానికి భయపడేవాడు. దొరకు ఊరు భయపడేది. ఆ భయాల మధ్య మంత్రగాడొక్కడికే మంచి గిరాకీ ఉండేది.

నా దగ్గర వాక్యూమ్ గేజ్ ఒకటి ఉండేది. నేను పనిచేసిన వర్క్‌షాపు యజమాని దుకాణం ఎత్తేస్తూ నాకిచ్చాడు. చేతిగడియారం కన్నా కాస్త పెద్ద డబ్బా, అద్దం వెనక ఒక సూది, కింద ఒక రబ్బరు గొట్టం. ఇంజన్ తిరిగేటప్పుడు లోపలికి గాలిని గుంజుకుంటుంది. ఆ గుంజుడు ఎంత బలంగా ఉందో ఈ సూది చూపిస్తుంది. పాత కార్లలో అద్దం తుడిచే వైపర్ కూడా ఈ గుంజుడుతోనే ఆడేది. కాబట్టి గేజ్ తగిలించడానికి వేరే రంధ్రం అక్కర్లేదు. ఇన్‌టేక్ మానిఫోల్డ్, అంటే ఇంజన్‌కు గాలి, పెట్రోలు అందించే గొట్టం దగ్గర వైపర్ ట్యూబు ఊడదీసి అక్కడ దీన్ని పెడితే చాలు. నిమ్మళంగా తిరుగుతున్న మంచి ఇంజన్ మీద సూది పద్దెనిమిది దగ్గర కదలకుండా నిలబడుతుంది. వాల్వు కాలితే ఒకే లయలో కొట్టుకుంటుంది. గాలి లీకైతే కిందనే ఉండిపోతుంది. నాడి పట్టి చూసినట్టే.

నేను చెప్పబోయే కారు కందుకూరు వైపు ఒక ఊరి దొరది. ఆరు సిలిండర్ల పాత బండి. మొదటిసారి అది చెరువు కట్ట ఎక్కుతుండగా ఆగిపోయింది. పెట్రోలు దొరకని రోజులవి. కిరసనాయిలు కలిపి పోశారు, దాంతో ఆగింది. కాని ఆగిన చోట, కట్ట మొదట్లో, మల్లమ్మ గుడిసె ఉంది. మల్లమ్మ మాలవాడ మంత్రసాని. ఆ ఎండాకాలంలోనే దొర మనుషులు ఆమె మేకలను తోలుకుపోతే, దొర ఉండే గడీ ముందు నిలబడి పిడికిళ్లతో మన్ను ఎత్తిపోసి తిట్టిపోసింది. ఊరు మరిచిపోయినా దొర దాన్ని మరిచిపోలేదు. అన్యాయం చేసినవాడికి శాపం మీద నమ్మకం ఎక్కువ. గడీలోకి మంత్రగాడు వచ్చాడు, తాయత్తులు వచ్చాయి. ఆ తర్వాత బండి మరీ మొరాయించింది. చదును మీద నడిచేది, కట్ట ఎక్కబోతే ఊపిరి అందనట్టు ఆగిపోయేది. దొర మల్లమ్మ పేరు ఎత్తడం మొదలుపెట్టాడు. బాణామతి, అంటే చేతబడి, చేసిందన్నాడు.

ఒకరోజు పొద్దున దొర డ్రైవర్ పెంటయ్య సైకిల్ మీద షెడ్డుకు వచ్చాడు. వాన లేకపోయినా చెమటతో తడిసిపోయి ఉన్నాడు. దొర కుటుంబాన్ని తీసుకుని పట్నం పారిపోతున్నాడనీ, దళం దగ్గరి ఊరి దాకా వచ్చిందని ఎవరో చెప్పారనీ, బండి మళ్లీ కట్ట మీద ఆగిందనీ గబగబా చెప్పాడు. చివరి మాట మాత్రం నా ముఖం చూడకుండా అన్నాడు.

"మల్లవ్వను పట్టుకున్నరన్నా. పండ్లు పీకుతరట."

బాణామతి చేసిందని అనుమానం వచ్చిన మనిషికి పళ్లు పీకడం మా వైపు ఆచారం. పళ్లు లేకపోతే నోట మంత్రం సరిగ్గా పలకదట. ఆ తర్వాత ఆ మనిషి బతికినా ఊళ్లో ఉండనిచ్చేవారు కారు. సంచిలో సామాన్లు వేసుకుంటూ గేజ్‌ను బట్టలో చుట్టుకున్నాను. నిదర్శనం చేతిలో ఉంది కదా అనుకున్నాను.

కట్ట మీదికి చేరేసరికి ఊరు సగం అక్కడ ఉంది. కారు నిండా పెట్టెలు, వెనక సీట్లో తెర వేసి ఉంది, తెర వెనక దొరసాని, పిల్లలు. దొర మనుషుల్లో ఇద్దరి చేతుల్లో తుపాకులు, మిగతావాళ్ల చేతుల్లో కట్టెలు. మల్లమ్మ తడి నేల మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ తువ్వాలతో కట్టేశారు. పక్కన మంత్రగాడు నిమ్మకాయలు కోసి పెట్టుకున్నాడు. నేను సంచి దించీ దించకముందే దొర మనిషి ఒకడు వంగి అందులో వెతికి నా ప్లయర్ బయటికి తీశాడు.

"జర గిది ఇయ్యి మిస్త్రీ. మా దగ్గర మంచిది లేదు."

ఆ పనిముట్టు దేనికి అడుగుతున్నాడో అర్థమైంది. కాదంటే నన్ను కూడా ఆమె పక్కన కూర్చోబెట్టగలరు. బండికి అది లేకపోతే పని నడవదని, ముందు బండి చూడనివ్వమని అన్నాను. వాడు దొర వైపు చూశాడు. దొర తల ఊపితే ప్లయర్ నా చేతిలో పెట్టాడు.

"బీమారి ఏందో జల్ది చెప్పురా," అన్నాడు దొర. "నీకు తెల్వకుంటె చెప్పు. దానికి తెల్సు."

నేను గేజ్ బయటికి తీసి అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నాను. చర్చాసభల్లో చప్పట్లు తెచ్చిన గొంతు కాస్త తిరిగి వచ్చింది. "దొరా, ఇది లోపలి రోగం చూపిస్తది. దీని సూది అబద్ధమాడది."

ఆ మాట నేను అనకుండా ఉండవలసింది.

వైపర్ ట్యూబు ఊడదీసి గేజ్ తగిలించాను. పెంటయ్య ఇంజన్ స్టార్ట్ చేశాడు. సూది పద్దెనిమిది దగ్గర కదలకుండా నిలిచింది. అంటే వాల్వులు బాగున్నాయి, గాలి లీకు లేదు. ఇక చూడవలసింది ఒకటే. ఇంజన్ వేగం పెంచి అలాగే పట్టి ఉంచితే సూది నిలబడుతుందా, మెల్లగా జారుతుందా. జారితే పొగ బయటికి పోయే దారి పూడుకుపోయినట్టు. యాక్సిలరేటర్ తొక్కి పట్టమని పెంటయ్యకు చెప్పాను. సరిగ్గా అప్పుడే మంత్రగాడు, సూది నిలబడిందంటే మల్లమ్మ దూరంగా ఉండబట్టే అని, ఆమెను బండి దగ్గరికి తెమ్మన్నాడు. ఇద్దరు ఆమె రెక్కలు పట్టి ఈడ్చుకొచ్చి మడ్‌గార్డు పక్కన నిలబెట్టారు.

సూది జారింది. పదిహేను. పన్నెండు. పది. మెల్లగా, ఎవరో వేలు పెట్టి దించుతున్నట్టు. చుట్టూ ఉన్నవాళ్లు అడుగు వెనక్కి వేశారు. ఒక ముసలాయన చేతులు జోడించాడు. ఆయన జోడించింది నా గేజ్‌కు. మల్లమ్మ కూడా సూది వంకే చూస్తోంది. ఆమె ముఖంలో కనిపించిన భయం నాకు ఇప్పటికీ గుర్తుంది. తనకు తెలియకుండా తనలో నిజంగానే ఏమన్నా ఉందేమోనని ఆమెకే అనుమానం వచ్చింది.

"అబద్ధమాడదని నువ్వే అంటివి గద," అన్నాడు దొర.

పొగ గొట్టం, ఒత్తిడి, పాదరసం అంగుళాలు అని మొదలుపెడితే వినే చెవి అక్కడ ఒక్కటీ లేదు. నా చేతిలోని శాస్త్రం ఒక్క నిమిషంలో మంత్రగాడి సంచిలో చేరిపోయింది. ఆలోచించడానికి కాస్త సమయం కావాలి, అంతే. ఆమెను కట్ట కిందికి పంపించమని, ఆమె నిలబడిన చోట మంత్రగాడిని నిలబడమని అడిగాను. మంత్రం తెలిసిన మనిషి పక్కనుంటే సూది లేవాలి కదా అన్నాను. ఊరంతా చూస్తుంటే అతను కాదనలేకపోయాడు. నిమ్మకాయ పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. పెంటయ్య తొక్కాడు. సూది అంతే మెల్లగా, అక్కడిదాకే జారింది.

ఎవరో కిసుక్కుమన్నారు. మంత్రగాడు నవ్వు వచ్చిన వైపు చూసి, ఆమె కింద నుంచి చూపు పెడుతోందన్నాడు. కట్ట కింద మల్లమ్మ కొంగుతోనే ఆమె కళ్లకు గంతలు కట్టారు. దొర మాత్రం రోడ్డు వైపు చూస్తున్నాడు. పొద్దు పైకొస్తోంది, దళం ఏ వైపు నుంచి వస్తుందో తెలియదు. చేసేదేదో చెయ్యమని, అయితే అరగంట కన్నా ఇవ్వనని నాతో అన్నాడు.

బండి కింద దూరాను. ఇంజన్‌కూ పొగ గొట్టానికీ మధ్య ఉన్న బిగింపు నట్లు తుప్పు పట్టి, చుర్రున కాలుతున్నాయి. అరచేయి కాలింది. రెండు నట్లు వదులు చేసి స్టార్ట్ చేయించాను. పొగ అక్కడి నుంచే బయటికి తన్నింది, చప్పుడుకు జనం చెదిరారు. ఈసారి ఎంత తొక్కి పట్టినా సూది జారలేదు. అంటే పూడిక ఆ బిగింపుకు వెనక ఉంది. ఇంజన్ ఆపించి వెనక గొట్టం విప్పాను. ఎప్పుడో రాయికి తగిలి దాని చివర నొక్కుకుపోయి ఉంది. నొక్కుకు లోపల ఏదో అడ్డం ఉంది. ఇనుపచువ్వతో పొడిస్తే కదిలి కింద పడింది. సగం కాలిన ఎర్ర గుడ్డ మూట, అందులో బొగ్గయిన నిమ్మకాయ, ఇనుప మేకులు, ఒక రాగి రేకు.

దాన్ని అందరి ముందూ నేలమీద పెట్టినప్పుడు గెలిచాననే అనుకున్నాను. రోగం ఇదిగో, ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి? మంత్రగాడు నాకన్నా తొందరగా ఆలోచించాడు.

"చూసిండ్రా దొరా. గిదే అది పెట్టిన మందు."

తలలన్నీ కట్ట కిందికి తిరిగాయి. నిదర్శనం దానంతట అదే మాట్లాడుతుందని చర్చాసభల్లో మేం అనేవాళ్లం. మాట్లాడదు. ముందు ఎవరు నోరు తెరిస్తే వాళ్ల మాట పలుకుతుంది. ఇందాక ప్లయర్ అడిగినవాడు మళ్లీ నా సంచి దగ్గరికి వచ్చాడు. నేను పెంటయ్య వైపు చూశాను. స్టీరింగ్ ముందే కూర్చుని ఉన్నాడు. ఆ మూట బయటపడినప్పటి నుంచీ అతను దాని వంక చూడలేదు. నేను పేరు పెట్టి పిలవలేదు, ఏమీ అడగలేదు. అతనే దిగి వచ్చి దొర ముందు, మామూలుగా నిలబడే దూరంలో, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గది నేను పెట్టిన దొరా. మీరిచ్చిన తాయత్తే గది. ఎన్క ఎవ్వలకు కానరాకుంట కట్టుమన్నరు. కడితె ఊడిపోతదని గొట్టంల దోపి, కట్టెతోని లోపలికి కుక్కిన. నాకు తెల్వక చేసిన."

దొర చేతి కర్ర లేచింది. అబద్ధమనీ, పెంటయ్య సంఘంతో కలిసినవాడనీ మంత్రగాడు అంటున్నాడు. ఆ రోజుల్లో ఆ మాట ఒక్కటి చాలు మనిషిని కాల్చెయ్యడానికి. తుపాకీ మనిషి ఒకడు కదిలాడు. అప్పుడు కారులో తెర కాస్త తొలిగింది. దొరసాని గొంతు నేను వినడం అదే మొదలు, అదే చివర.

"గా గుడ్డ నా చీరెది. నేనే చింపి ఇచ్చిన. ఇగ పోదమా, ఈడనే సద్దమా?"

దొర కర్ర దించి, నా వైపు తిరిగి బండి నడుస్తుందా అని అడిగాడు. నడుస్తుందన్నాను. గొట్టం బిగించాను. కారు కట్ట ఎక్కి, ఆగకుండా అవతలికి దిగిపోయింది. తుపాకులవాళ్లు వెనక ఎడ్లబండిలో పోయారు. మంత్రగాడు ఎప్పుడు జారుకున్నాడో చూడలేదు. హేతువు గెలిచిందని నేను రాసుకోలేను. దళం భయం బాణామతి భయం కన్నా పెద్దది కావడం వల్ల ఆ రోజు ఒక మనిషి దక్కింది.

మల్లమ్మను వదిలెయ్యమని ఎవరూ అనలేదు. పట్టుకోమనీ అనలేదు. జనం ఎవరి దారిన వాళ్లు పోయారు. కళ్లకు గంతలతో, కట్టేసిన చేతులతో ఆమె కింద అట్లాగే కూర్చుని ఉంది. దిగి ముడి విప్పబోతే నా చేతి స్పర్శకు దవడ బిగించుకుంది.

"నా పండ్లు ఉంచుతరా కొడకా?" అంది.

తర్వాత కొన్నాళ్లకు పోలీసు చర్య జరిగింది. రోడ్డు మీద యూనియన్ సైన్యం బండ్లు పోయాయి. రజాకార్లు కనబడకుండా పోయారు. దొర పట్నంలోనే ఉండిపోయాడు. భయం వదిలిపోయిందని అందరం అనుకుంటున్న రోజుల్లో మల్లమ్మ నా షెడ్డుకు నడిచి వచ్చింది. చిక్కిపోయింది. ఆమెను కాన్పుకు పిలవడం మానేశారట. బావి దగ్గర ఆడవాళ్లు పిల్లలను కొంగు చాటుకు లాక్కుంటున్నారట. మూట సంగతి అందరూ మరిచిపోయారు. ఆమె నిలబడితే సూది పడడం మాత్రం ఎవరూ మరిచిపోలేదు.

"నువ్వొచ్చి ఇంకోపారి నిలబెట్టు," అంది. "సూది పడలేదని నలుగుట్ల చెప్పు. నీ గడియారం మాట ఇంటరు."

ఎంత తేలిక పని. బాగున్న ఇంజన్ మీద గేజ్ తగిలించి ఆమెను పక్కన నిలబెడితే సూది నిలబడుతుంది. ఊరు ఒప్పుకుంటుంది. ఆమెకు బతుకు తిరిగి వస్తుంది. కాని ఒప్పుకుంటే రేపు ఇంకో ఊరివాళ్లు ఇంకొక ఆడమనిషిని బండి కట్టుకుని తెస్తారు. ఆ రోజు ఇంజన్ బాగుండకపోతే? నిలబెట్టనని చెప్పాను. ఆమె ముఖం మాడిపోయింది. కాని గేజ్ పట్టుకుని నీతో వస్తానన్నాను.

చావడి ముందు జనం చేరారు. కారు ఏదని అడిగారు. కారు అక్కర్లేదన్నాను. గేజ్ గొట్టం మల్లమ్మ చేతికిచ్చి, నోట్లో పెట్టుకుని గాలి గుంజమన్నాను. ఆమె భయపడుతూనే గుంజింది. సూది లేచింది. గొట్టం వదిలింది. సూది పడింది. మళ్లీ చేయించాను. ఇది కొలిచేది ఈ గుంజుడునొక్కదాన్నే, ఆ రోజు ఇంజన్‌కు ఊపిరి ఆడక గుంజుడు తగ్గింది, తగ్గితే పడింది, ఈమె పక్కనున్నా పడేది లేకున్నా పడేది, నా మాట నమ్మొద్దు, మీరే ఒక్కొక్కరు వచ్చి గుంజి చూడండి అని గొట్టం చాపాను.

ఎవరూ రాలేదు. ఈసారి వాళ్లను ఆపింది బాణామతి కాదు. ఆ గొట్టం మాలవాడ మనిషి నోట్లో పెట్టుకున్నది. ఆ ఊళ్లో సగం మందిని పుట్టగానే పట్టుకున్న చేతులు ఆమెవి, ఆమె ఎంగిలి మాత్రం పనికిరాదు. ముందున్న పెద్దమనిషి ఒకాయన, నీళ్లతో కడిగి ఇస్తే చూస్తామన్నాడు. కడగనన్నాను. తుడవకుండానే నా నోట్లో పెట్టుకుని గుంజాను. సూది లేచింది, పడింది. నా వెనక, దొరను పట్నంలో దింపి ఊరికి తిరిగొచ్చేసిన పెంటయ్య గుంజాడు. మూడో మనిషి ముందుకు రాలేదు. గొట్టం నా చేతిలో అలాగే ఉంది. మల్లమ్మ తల దించుకుంది. ఇంతదాకా తెచ్చి ఆమెను ఇంకోసారి నలుగురిలో ఒంటరిని చేశానేమోనన్న భయం నాకు పట్టుకుంది.

వెనక నుంచి కుమ్మరోళ్ల ముసలమ్మ ఒకామె జనాన్ని మోచేతులతో తోసుకుంటూ వచ్చింది.

"నా కోడలికి నెలలు నిండినయ్. పట్నం దవాఖానకు దాన్నెవడు కొంచబోతడు? ఇటు తే," అని నా చేతిలోంచి గొట్టం గుంజుకుంది. నోట్లో పెట్టుకుని బలమంతా పెట్టి పీల్చింది. సూది గబుక్కున లేచింది.

"మెల్లగ అత్తా," అంది మల్లమ్మ. "గడియారం మింగినవంటె మల్ల నా మీదికే వస్తది."

ముందు ఆడవాళ్లు నవ్వారు. తర్వాత ఒకరిద్దరు మగవాళ్లు వచ్చారు. అందరూ రాలేదు. కడిగి ఇమ్మన్న పెద్దమనిషి చివరిదాకా రాలేదు. మేం వెళ్లేటప్పుడు మల్లమ్మ మాతో రాలేదు. కోడలి కడుపు చూడడానికి కుమ్మరోళ్ల ఇంటికి పోయింది.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు మోటారు పని చేశాను. ఎన్నో బండ్లకు ఆ గేజ్ తగిలించాను. తగిలించే ముందు బండి యజమాని ఎవరైనా సరే, గొట్టం అతని నోటికిచ్చి గుంజమనేవాణ్ణి. కొందరు విసుక్కున్నారు, కొందరు నాకు పిచ్చి అన్నారు. పరికరం ఏం కొలుస్తుందో, ఏం కొలవదో చెప్పకుండా దాని సూదిని నమ్మమన్న ప్రతివాడూ ఆ కాసేపటికి మంత్రగాడే. కట్ట మీద ఆ కాసేపు నేనే మంత్రగాణ్ణి.